అయిదు గోల్స్ పడగానే గోల్‌కీపర్‌ని మార్చాలా?

హాకీ అనగానే మీకు ధ్యాన్‌చంద్ గుర్తుకు వస్తాడు. పచ్చిక మైదానం, జట్టుకు పదకొండు మంది ఆటగాళ్ళు కళ్ళ ముందు మెదులుతారు. కెనడాలో మాత్రం హాకీ అంటే మంచు మీద ఆడే ఆట. కాళ్ళకు స్కేట్లు కట్టుకుని, గట్టి రబ్బరు బిళ్ళను కర్రతో కొడుతూ, జట్టుకు ఆరుగురు చొప్పున ఆడతారు. ఆ ఆరుగురిలో ఒకడు గోల్‌కీపర్. 1917లో ఏర్పడిన నేషనల్ హాకీ లీగ్‌లో కెనడా, అమెరికా జట్లు ఆడతాయి. 2024–25 సీజన్‌లో అందులో 32 జట్లు పాల్గొన్నాయి. లీగ్ దశలో ఒక్కొక్క జట్టు 82 ఆటలు ఆడింది.

ఈ ఆటకు నీడ వంటి ఆట ఇంకొకటి ఉంది. అందులో మంచూ ఉండదు, కర్రా ఉండదు. ఇంటర్నెట్ ద్వారా కొందరు కలిసి ఒక ఊహా లీగ్ పెట్టుకుంటారు. తలా ఒక జట్టుకు మేనేజరు అవుతారు. ప్రతి ఆటగాడికీ వేగం, షాటు, కాపలా వంటి గుణాలకు మార్కులు ఉంటాయి. ఎవరిని ఆడించాలో, ఎవరిని పక్కన పెట్టాలో మేనేజరు నిర్ణయించి పంపుతాడు. అనుకున్న వేళకు లీగ్ నిర్వాహకుడు కంప్యూటర్ ప్రోగ్రామును నడుపుతాడు. క్షణాల్లో ఆటలన్నీ ముగిసి ఫలితాలు వస్తాయి.

ఇది మరీ కొత్త ఊహ కాదు. 1961లో హాల్ రిచ్‌మన్ అనే అమెరికన్ కార్డులతో, పాచికలతో ఇంట్లో ఆడుకునే బేస్‌బాల్ ఆటను అమ్మకానికి పెట్టాడు. దాని పేరు స్ట్రాట్-ఓ-మాటిక్. 1978లో దాని హాకీ రూపం వచ్చింది. పాచికలు చేసిన పనిని ఇప్పుడు కంప్యూటర్ చేస్తున్నది, అంతే.

మా బడిలో పదో తరగతి చదివే అబ్బాయి ఒకడు ఈ మధ్య ఇలాంటి లీగ్‌లో చేరాడు. టొరంటోలో ఉన్న వాళ్ళ పెద్దమ్మ కొడుకు చేర్పించాడట. ఇలాంటి చోట కొత్తవారికి తరచుగా ఎవరో వదిలేసి వెళ్ళిన జట్టే దక్కుతుంది. ఇతనికీ అట్టడుగున ఉన్న జట్టే దక్కింది. మొదటి వారంలో ఒక ఆటలో అయిదు గోల్స్ పడ్డాయి. వెంటనే గోల్‌కీపర్‌ని మార్చాడు. మర్నాడు మళ్ళీ ఓటమి. మళ్ళీ మార్చాడు. చివరికి నా దగ్గరకు వచ్చి, "కంప్యూటర్ మోసం చేస్తోంది సార్, నేను మానేస్తాను" అన్నాడు.

నిజంగా మోసం జరిగిందా? మీరే పరీక్షించి చూడండి.

ఒక డబ్బాలో పది చీటీలు వేయండి. తొమ్మిదింటి మీద "ఆపాడు" అనీ, ఒకదాని మీద "గోల్" అనీ రాయండి. చూడకుండా ఒక చీటీ తీయండి, గుర్తు పెట్టుకోండి, మళ్ళీ డబ్బాలో వేసి కలపండి. ఇలా 30 సార్లు తీస్తే ఒక ఆట అయిందన్నమాట. నేషనల్ హాకీ లీగ్‌లోనూ గోల్‌కీపర్ మీదికి ఒక ఆటలో ఇంచుమించు అన్నే షాట్లు వస్తాయి. నూటికి సుమారు 90 ఆపుతాడు.

30 షాట్లకు 3 గోల్స్ పడాలి కదా అంటారు. సగటు అంతే. కాని సంభావ్యత లెక్క కట్టి చూస్తే, వంద ఆటల్లో సుమారు 18 ఆటల్లో అయిదు గానీ అంతకన్నా ఎక్కువ గానీ గోల్స్ పడతాయి. మరో 18 ఆటల్లో ఒక్కటే పడుతుంది, లేదా అసలు పడదు. గమనించారా? డబ్బా అదే, చీటీలూ అవే. గోల్‌కీపర్ ఒక రాత్రి వీరుడు, మరో రాత్రి అసమర్థుడు అనిపించుకున్నాడు. అతనిలో మాత్రం ఏ మార్పూ లేదు.

ఇప్పుడు రెండో సంగతి. నూటికి 90 ఆపేవాడికీ, 89 ఆపేవాడికీ తేడా ఎంత? ఒక ఆటలో అది కనిపించనే కనిపించదు. 82 ఆటల్లో జట్టు మీదికి వచ్చే 2,460 షాట్ల మీద లెక్కవేస్తే దాదాపు పాతిక గోల్స్ తేడా వస్తుంది! అంటే మంచి నిర్ణయం ఫలితం ఒక రాత్రిలో తేలేది కాదు, సీజన్ పొడవునా మెల్లగా కూడుకునేది. రోజుకొక గోల్‌కీపర్‌ని మార్చే మేనేజరుకు ఎవరు మంచివాడో ఎప్పటికీ తెలియదు.

ఈ పద్ధతికి పెద్ద చరిత్రే ఉంది. 1946లో గణితవేత్త స్టానిస్లావ్ ఉలామ్ జబ్బు నుంచి కోలుకుంటూ ఒంటరిగా పేకాట ఆడుకునేవాడు. గెలిచే అవకాశం ఎంతో సూత్రాలతో తేల్చడం కష్టమైంది. ఆటను అనేకసార్లు ఆడి లెక్కపెడితే సరిపోతుంది కదా అని అతనికి తోచింది. అదే మాంటీ కార్లో పద్ధతికి పునాది. ఈనాడు బంగాళాఖాతంలో తుపాను పుడితే, శాస్త్రజ్ఞులు దాన్ని చిన్న చిన్న తేడాలతో కంప్యూటర్‌లో అనేకసార్లు నడిపి, ఏ తీరానికి వచ్చే అవకాశం ఎంతో అంచనా వేస్తారు. ఒక్కసారి నడిపి చూసి ఊళ్ళు ఖాళీ చేయించరు.

ఇలాంటి ఆటలు కాలహరణమని కొందరు పెద్దలు అంటారు. ఫలితం కోసం తెల్లవారుజామున లేచి కూర్చుంటే అది కాలహరణమే. మీరు మేలుకున్నా, నిద్రపోయినా కంప్యూటర్ ఇచ్చే ఫలితం మారదు. కాని చేతిలో నోటు పుస్తకం పెట్టుకుని ఆడితే ఇదొక చిన్న ప్రయోగశాల అని నా అభిప్రాయం. ఎన్ని షాట్లు వచ్చాయి, ఎన్ని ఆపాడు, నేను ఏం మార్చాను, ఎందుకు మార్చాను – ఇవి రాయండి. ఎన్ని ఆటల తర్వాత తీర్పు చెప్పాలో ముందే నిర్ణయించుకోండి. ఓడిన కోపంలో ఆ హద్దు మార్చకండి. ఇంట్లో పెద్దలకు చెప్పి చేరండి. చిరునామా, ఫోను నంబరు ఎవరికీ ఇవ్వకండి.

ఆ ప్రోగ్రాము ఒక నమూనా మాత్రమేనని కూడా మరవకండి. దాని గోల్‌కీపర్‌కు జ్వరం ఉన్నా, బెంగ ఉన్నా, రాసినవాడు ఆ సంగతి అందులో చేరిస్తేనే అది ఆటలోకి వస్తుంది.

ఒక్క యూనిట్ పరీక్షలో మార్కులు తగ్గగానే "నాకు లెక్కలు రావు" అని తేల్చేసుకునేవారు మీలో ఎంతమంది ఉన్నారో ఉపాధ్యాయుడిగా నాకు తెలుసు. గోల్‌కీపర్ నైపుణ్యానికి ప్రోగ్రాములో వేసిన అంకె తనంతట తాను పెంచుకోలేడు. మీరు మాత్రం చదివి పెంచుకోగలరు. అతనికే ఒక సీజన్ గడువు ఇవ్వాలని లెక్క చెబుతున్నప్పుడు, మీకు మీరు ఒక సంవత్సరమైనా గడువు ఇచ్చుకోవద్దా?