క్రీడావ్యాఖ్య: పట్టికలో కానరాని పరుగులు

రాయపూర్ రైల్వే స్టేషన్‌కు పట్టాల ఆవలి ప్రక్కన ఉన్న గుఢియారీలో తెలుగు మాట వినవచ్చే ఇళ్ళు కొన్ని గలవు. ఉద్యోగరీత్యా వచ్చి రెండు తరాలుగా ఇక్కడే స్థిరపడిన ఈ కుటుంబాలకు సమతా ఎక్స్‌ప్రెస్‌లో విజయనగరమో విశాఖపట్నమో వెళ్ళిరావడం ఏడాదికి ఒకసారి జరిగే ముచ్చట. తక్కిన కాలమంతా స్వస్థలాన్ని గుర్తుచేసేవి ఆవకాయ జాడీ, ఫోనులో వినిపించే తోబుట్టువుల గొంతు, వేసవి వచ్చిందంటే హైదరాబాదు క్రికెట్ జట్టు. అందుచేత ఆ జట్టు ఓడిన ఏడాది ఈ ఇళ్ళు కొంత చిన్నబోయి కనిపిస్తాయి.

2025 అటువంటి ఏడాది. ఆ మే నెలాఖరున మా పొరుగింటి విశ్రాంత ఉద్యోగి గారి మనుమడు, ఎనిమిదవ తరగతి విద్యార్థి, ముఖం ముడుచుకుని మా వద్దకు వచ్చాడు. తోటి పిల్లలు ఎగతాళి చేశారట. “అంకుల్, నేను వచ్చే ఏడాది నుంచి బెంగళూరు పక్షం. మన జట్టులో ఏం చూసి ఆశపడాలి?” అన్నాడు. “గెలుపోటములు దైవాధీనాలురా” అని తాతగారు ఓదార్చబోయారు. ఆ సమాధానం కుర్రవానికి రుచించలేదు. నిజం చెప్పవలసి వస్తే మాకూ రుచించలేదు. కాగితం, కలం తెప్పించి లెక్కలు తీయడానికి కూర్చున్నాము.

సన్‌రైజర్స్ జట్టు ఆ సీజనును రాజస్థాన్‌పై 286 పరుగులతో ప్రారంభించింది. ఇక 300 ఎప్పుడు కొడతారా అన్నదే అందరి చర్చ అయింది. వెనువెంటనే వరుసగా నాలుగు పరాజయాలు. మే 5వ తేదీన హైదరాబాదులో ఢిల్లీని 133 పరుగులకే కట్టడి చేసిన తరుణంలో వర్షం కురిసి ఆట రద్దయింది. దానితో ముందంజ వేసే అవకాశమూ పోయింది. చివరికి 14 ఆటలలో 6 విజయాలు, ఆరవ స్థానం.

“ఆఖరి మూడూ గెలిచాం కదా!” అని తాతగారు గుర్తుచేశారు. నిజమే. లక్నోను, తరువాత బెంగళూరును, మే 25న 278 పరుగులు చేసి కోల్‌కతాను ఓడించారు. అయితే పోయేదేమీ లేనప్పుడు ఆడిన ఆటకు మేము పూర్తి మార్కులు వేయలేకపోయాము. పరీక్ష తప్పిన తరువాత ఇంటివద్ద చక్కగా లెక్కలు చేసిన విద్యార్థి వంటిది ఆ వ్యవహారం. అభిషేక్ శర్మ పంజాబ్‌పై 55 బంతులలో సాధించిన 141 పరుగులు మాత్రం అలా కొట్టివేయదగినవి కావు. అప్పటికి ఐపీఎల్‌లో ఒక భారతీయుని అత్యధిక స్కోరు అది.

కాని మమ్మల్ని అడిగితే అంతకన్న గట్టి ఆధారం ఏప్రిల్ 25 నాటి చెపాక్ విజయం. ఆ మైదానంలో చెన్నైపై సన్‌రైజర్స్ అంతవరకు ఒక్కసారీ గెలవలేదు. ఆ రాత్రి హర్షల్ పటేల్ 4 వికెట్లు తీయగా, 155 పరుగుల లక్ష్యాన్ని ఓపికగా ఛేదించారు. బాదుడు తప్ప మరొకటి తెలియదనిపించుకున్న జట్టు ఆచితూచి ఆడి గెలిచిన సందర్భమది. ఆ ఏడు చెన్నై సైతం పట్టికలో అట్టడుగున నిలిచిందన్న సంగతిని, న్యాయం కోసం, కుర్రవానికి చెప్పకుండా ఉండలేకపోయాము.

వాడు అప్పటికీ ఒప్పుకోలేదు. అప్పుడు వాడు పుట్టకముందటి కథ తీయవలసి వచ్చింది.

2008లో ఐపీఎల్ మొదలైనప్పుడు హైదరాబాదు జట్టు డెక్కన్ ఛార్జర్స్. లక్ష్మణ్, గిల్‌క్రిస్ట్, గిబ్స్, సైమండ్స్, అఫ్రీది, యువకుడైన రోహిత్ శర్మ: కాగితం మీద ఇంతటి జట్టు మరొకటి లేదనుకున్నాము. ఆడిన 14లో గెలిచినవి రెండు. సొంత ఊరిలో ఆడిన ఏడింటికి ఏడూ ఓటమే. అందులో ఒకటి ఇప్పటికీ కళ్ళకు కట్టినట్లుంటుంది. రాజస్థాన్‌పై సైమండ్స్ అజేయంగా 117 పరుగులు చేశాడు. జట్టు స్కోరు 214. ఆఖరి ఓవరులో ప్రత్యర్థికి 17 పరుగులు కావాలి. బంతి అదే సైమండ్స్ చేతికి ఇచ్చారు. షేన్ వార్న్ ఒక ఫోరు, రెండు సిక్సర్లు కొట్టి, ఒక బంతి మిగిలి ఉండగానే ఆట ముగించాడు. శతకం చేసినవాడే ఓటమికి సాక్షి కావలసి వచ్చింది. ఆ రాజస్థానే ఆ ఏటి విజేత. మన జట్టు పట్టికలో చిట్టచివర.

పట్టికలో చిట్టచివర అన్న మాట ఉంటుంది గాని, గిల్‌క్రిస్ట్ ముంబయిపై 42 బంతులలో చేసిన శతకం ఉండదు. రోహిత్ ఆ సీజనులో 400కు పైగా పరుగులు చేశాడన్న సంగతీ ఉండదు. మరుసటి ఏడు పగ్గాలు పూర్తిగా గిల్‌క్రిస్ట్ చేపట్టాడు. శిక్షకుడుగా డారెన్ లీమన్ వచ్చాడు. ప్రధానమైన ఆటగాళ్ళు చాలావరకు ముందటివారే. దేశంలో సార్వత్రిక ఎన్నికల కారణంగా 2009 పోటీలు దక్షిణాఫ్రికాకు తరలిపోయాయి. సొంత ఊరిలో గెలవలేని జట్టుకు సొంత ఊరే లేకుండా పోయింది!

మొదటి నాలుగు ఆటలూ గెలిచారు. పిమ్మట తడబడి, ఏడు విజయాలు ఏడు పరాజయాలతో నాలుగవ స్థానంలో అతికష్టం మీద నిలిచారు. అందులో ఒక గెలుపు జోహాన్నెస్‌బర్గ్‌లో కోల్‌కతాపై లభించినది. ఆఖరి ఓవరులో ఈసారి మనకు 21 పరుగులు కావలసి ఉండగా, రోహిత్ చివరి బంతిని సిక్సరుగా మలిచాడు. ఏడాది క్రితం ఆఖరి ఓవరులో 17 కాపాడుకోలేకపోయిన జట్టు ఇది! సెమీఫైనల్లో గిల్‌క్రిస్ట్ 35 బంతులలో 85 పరుగులు చేశాడు. మే 24న ఫైనల్లో బెంగళూరుపై 6 పరుగుల తేడాతో విజయం. ఆర్.పి. సింగ్ 23 వికెట్లతో ఆ సీజనులో అందరికన్న ముందున్నాడు.

ఛార్జర్స్ జట్టు 2012తో రద్దయి, 2013 నుండి సన్‌రైజర్స్ వచ్చింది. ఆ జట్టుకూ ఇటువంటి కథ ఉన్నది. 2023లో 4 విజయాలతో చివరి స్థానం, 2024లో ఫైనల్. ఆ చివరి స్థానపు ఏడాదిలోనే క్లాసెన్ బెంగళూరుపై శతకం చేసి, ఓడిపోయిన పక్షాన మిగిలాడు. 2024లో విశాఖ యువకుడు నితీశ్ కుమార్ రెడ్డికి వర్ధమాన క్రీడాకారుని పురస్కారం దక్కింది. 2025లో అతని బ్యాటు అంతగా పలకలేదు. ఒక్క ఏడాదితో అతనిపై తీర్పు చెప్పడానికి మేము సిద్ధంగా లేము.

“ఇవన్నీ ఎక్కడో జరిగాయి” అన్నాడు కుర్రవాడు. కాదు, ఒకటి ఇక్కడే జరిగింది. 2016 మే 20వ తేదీన మేము, వాడి తాతగారు, మరి నలుగురు సహోద్యోగులం కలిసి నవ రాయపూర్‌లోని షహీద్ వీర్ నారాయణ్ సింగ్ స్టేడియానికి వెళ్ళాము. ఢిల్లీ జట్టుపై సన్‌రైజర్స్ 158 పరుగులు చేసింది, వార్నర్ 73. కరుణ్ నాయర్ 83 పరుగులతో నిలిచి, ఆఖరి బంతికి ఆట లాగేసుకున్నాడు. అర్ధరాత్రి దాటాక గుఢియారీ చేరేవరకు బండిలో ఎవరూ నోరు విప్పలేదు. దిగేటప్పుడు తాతగారు, “ఈ ఏటికి ఇక టీవీ పెట్టను” అని శపథం చేశారు. రెండు రోజులకు కోల్‌కతాలో మరో ఓటమి. ఆయన శపథానికి బలం చేకూరింది.

ఆ తరువాత 25న ఒక గెలుపు, 27న ఒక గెలుపు. 29వ తేదీ రాత్రి బెంగళూరుపై 8 పరుగుల తేడాతో సన్‌రైజర్స్ విజేత! మూడవ స్థానం నుండి వచ్చి, ఓడితే ఇంటికే అన్న మూడు ఆటలు వరుసగా గెలిచారు. అలా టైటిల్ అందుకున్న తొలి జట్టు అదే.

“తాతా, మరి నువ్వు ఫైనల్ చూశావా?” అని మనుమడు అడిగాడు.

ఆయన కొంతసేపు మాట్లాడలేదు. “లేదురా. ఆ రాత్రి పెందలకడ పడుకున్నాను. మర్నాడు డ్యూటీకి వెళితే గేటు దగ్గర చెప్పారు.”

కుర్రవాడు ఫోను తీసి ఆ ఫైనల్ దృశ్యాలు వెతికాడు. వాట్సన్ వేసిన ఇరవయ్యవ ఓవరులో బెన్ కటింగ్ బాదుడు మొదలు కాగానే తాతగారు కళ్ళజోడు సవరించుకుని, కుర్చీ ముందుకు జరుపుకున్నారు. “కొంచెం సౌండు పెంచరా” అన్నారు.