కేసు నంబరు మన చేతిలో వుండాలి

పొలం గట్టు దగ్గర రేగిన మాట పోలీసు స్టేషను దాకా పోవటం, అక్కడినుంచి చోడవరం కోర్టు మెట్లెక్కటం మన పల్లెలకు కొత్త కాదు. నీటి తగాదా, దారి తగాదా, అమ్మవారి పండుగలో కుర్రాళ్ల కొట్లాట, కోడిపందెం, మోటారు సైకిలు ప్రమాదం. ఏదో ఒక రూపంలో క్రిమినల్ కేసు తగలని వూరు కె.కోటపాడు మండలంలో బహుశా వుండదు. ఆశ్చర్యపడవలసింది కేసులు వున్నందుకు కాదు. తన మీద వున్న కేసు నంబరెంతో, అది ఏ కోర్టులో వుందో, ఎందాకా వచ్చిందో ఆ ముద్దాయికే తెలియకపోవటం విచారకరం. అడిగితే ప్లీడరు గారి గుమాస్తాకు తెలుసంటాడు. గుమాస్తా దొరకని రోజున కోర్టు ఆవరణలో తచ్చాడే మధ్యవర్తిని ఆశ్రయిస్తాడు. టీ ఖర్చుతో మొదలైన ఆ వ్యవహారం జేబు ఖాళీ అయ్యేదాకా సాగుతుంది. నిజానికి ఆ సమాచారం ఎవరి ఇనప్పెట్టెలోనూ లేదు. పైసా రుసుము లేకుండా ఫోనులోనే చూసుకునే ఏర్పాటు వుంది. దాన్ని వాడుకోవటం మన పల్లెల్లో ఇంకా అలవాటు కాలేదు.

తెలియకపోతే వచ్చే నష్టమేమిటని కొందరు అడగవచ్చు. వాయిదాకు రాని ముద్దాయి మీద మేజిస్ట్రేటు నాన్ బెయిలబుల్ వారంటు ఇవ్వవచ్చు. అతనికి జామీను పడిన పాపానికి బావమరిదికో మేనమామకో నోటీసు వస్తుంది. గాజువాకలో, హైదరాబాదులో కూలికి పోయినవారి విషయంలో ఇది మరీ ప్రమాదం. నలుగురు ముద్దాయిలున్న కేసులో ఒకడు రాకపోతే అతని కేసును విడదీసి వేరే నంబరు వేసి, మిగతా ముగ్గురి విచారణ పూర్తి చేస్తారు. ఆ ముగ్గురి మీదా కేసు కొట్టేస్తే, వూళ్లో అందరూ “కేసు పోయింది” అనుకుంటారు. నాలుగోవాడి కేసు మాత్రం వారంటుతో సహా అలాగే వుంటుంది. ఏళ్ల తరువాత సంక్రాంతికి వూరు వచ్చినప్పుడు పోలీసులు తలుపు తడితే అప్పుడు తెలుస్తుంది.

వుద్యోగాల సంగతి కూడా ఇటువంటిదే. పోలీసు శాఖకో సైన్యానికో ఎంపికైన కుర్రవాడు నింపే కాగితంలో, ఎప్పుడైనా అరెస్టయ్యారా, మీ మీద కేసులున్నాయా అన్న ప్రశ్నలుంటాయి. పాత కొట్లాట కేసు రాజీ అయిపోయింది కదా అని “లేవు” అని రాసేవారున్నారు. అవతార్ సింగ్ కేసులో 2016 జూలై 21న సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల బెంచి ఈ విషయంలో స్పష్టమైన తీర్పు ఇచ్చింది. ఇచ్చే సమాచారం నిజమై వుండాలి, ఏదీ దాచకూడదు. పడుచుదనంలో జరిగిన చిన్న నేరమైతే పై అధికారులు చూసీచూడనట్లు పోవచ్చు. అభ్యర్థికి ఆ కేసు సంగతి తెలిసే దాచాడా అన్నది కూడా చూడాలి. నిజం రాసినంత మాత్రాన వుద్యోగం ఇచ్చి తీరాలని లేదు గాని, దాచినవాడికి చిక్కు తప్పదు. కనుక నిజం రాయాలంటే ముందు ఆ నిజమేదో మనకు తెలియాలి. అది వుండేది కోర్టు రికార్డులో.

క్రిమినల్ కేసు విచారణ బహిరంగ న్యాయస్థానంలో జరగాలన్నది పాత చట్టంలోనూ వుంది, 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 366వ సెక్షనులోనూ వుంది. అత్యాచారం వంటి కేసులలో తప్ప, చోటు వున్నంత మేరకు ఎవరైనా వెళ్లి కూర్చుని వినవచ్చు. వాదోపవాదాలు వినే హక్కు వున్నవాడికి వాయిదా తేదీ తెలుసుకునే హక్కు లేకుండా పోదు.

వెదకబోయే ముందు ఒక సంగతి గ్రహించాలి. కేసుకు ఒక్కటే నంబరు వుండదు. స్టేషనులో ప్రథమ సమాచార నివేదిక రాసినప్పుడు పడేది క్రైము నంబరు. పోలీసులు చార్జిషీటు దాఖలు చేసి మేజిస్ట్రేటు కేసును స్వీకరించాక పడేది కోర్టు నంబరు. సాధారణ కేసుకు సి.సి. అని, హత్య వంటి పెద్ద నేరానికి మొదట పి.ఆర్.సి. అని వేస్తారు. ఆ పెద్ద కేసును మేజిస్ట్రేటు సెషన్సు కోర్టుకు పంపాక ఎస్.సి. అని మరో నంబరు పడుతుంది. పి.ఆర్.సి. ఎదురుగా “డిస్పోజ్డ్” అని కనబడగానే కేసు ముగిసిందని సంబరపడి చాలామంది మోసపోతారు. అది పైకోర్టుకు వెళ్లిందన్న మాటే తప్ప ముగిసిందని కాదు. వీటన్నిటికీ తోడు సి.ఎన్.ఆర్. నంబరు ఒకటి వుంది. అక్షరాలు, అంకెలు కలిపి పదహారు. మొదటి రెండక్షరాలు రాష్ట్రానివి, చివరి నాలుగంకెలు సంవత్సరానివి. దేశం మొత్తం మీద ఆ కేసుకు తప్ప మరో కేసుకు ఆ నంబరు వుండదు. ఇదొక్కటి దగ్గర వుంటే మరేదీ అవసరం లేదు.

అది లేనివారు ఈ-కోర్ట్స్ సర్వీసెస్ వెబ్‌సైటులో గాని, అదే పేరుగల యాప్‌లో గాని రాష్ట్రం, జిల్లా, కోర్టు ఎంచుకుని వెదకాలి. ఇక్కడే మనవాళ్లు తప్పుదారి పడతారు. 2022 ఏప్రిల్ 4న అనకాపల్లి జిల్లా ఏర్పడింది, కె.కోటపాడు అందులోకి వచ్చింది. కోర్టుల పట్టికలో మాత్రం చోడవరం కోర్టును విశాఖపట్నం జిల్లా కిందనే చూడాలి. అనకాపల్లి పేరు కోసం వెదికి, దొరకక, కేసే లేదనుకున్నవాడికి తరువాత వారంటు వస్తే ఆ తప్పు ఎవరిది? స్టేషను పేరు, క్రైము నంబరు, సంవత్సరం ఇచ్చి వెదకటం అన్నిటికన్నా తేలిక. పేరుతో కూడా వెదకవచ్చు గాని కనీసం మూడక్షరాలు, కేసు పెట్టిన సంవత్సరం ఇవ్వాలి. పెండింగు కేసులు, ముగిసిన కేసులు రెండూ చూపమని అడగాలి. ఒక కోర్టులో దొరకలేదంటే దేశంలోనే లేదని కాదు. కొట్లాట అనకాపల్లిలో జరిగితే అనకాపల్లి కోర్టునే చూడాలి.

పేరుతో వెదకటంలో మన ప్రాంతానికి ప్రత్యేకమైన చిక్కు ఒకటి వుంది. అప్పలనాయుళ్లు, అప్పలరాజులు, సన్యాసినాయుళ్లు, పైడితల్లులు వీధికి నలుగురు. ఇంటిపేరు కూడా కలిసేవారు వూరికి ఇద్దరు ముగ్గురు వుంటారు. ఆపైన రికార్డులో పేర్లు ఇంగ్లీషు అక్షరాలలో వుంటాయి. “అప్పల” అన్న మాటకు ఒక గుమాస్తా ఒక పి వేస్తే మరొకాయన రెండు వేస్తాడు. నాయుడును ఒకరు కలిపి రాస్తారు, ఒకరు విడదీస్తారు. ఇంటిపేరు ఒక కాగితంలో పూర్తిగా, మరో కాగితంలో పొడి అక్షరంగా వుంటుంది. అందుచేత ఒకసారి వెదికి లేదని వదిలేయకూడదు. నాలుగు రకాలుగా రాసి చూడాలి. అంతకన్నా ముఖ్యం, పేరు కనబడగానే అతడే ఇతడని తీర్మానించకూడదు. తండ్రి పేరు, వూరు, క్రైము నంబరు సరిపోల్చాలి. పిల్లకు సంబంధం చూస్తున్నవారు, కౌలుకు భూమి ఇస్తున్నవారు, ఎన్నికలలో ఒకరిని ఓడించాలనుకుంటున్నవారు ఈ జాగ్రత్త పాటించక ఒక నిరపరాధి పరువు తీస్తే తిరిగి తెచ్చివ్వగలరా? పేరు అతనిదే అయినా, ముద్దాయి అంటే నేరస్థుడు కాడు. కోర్టు ఏం తేల్చిందో చివరిదాకా చదవాలి. కొట్టేశారా, శిక్ష పడిందా, లోక్ అదాలత్‌లో రాజీ అయిందా, శిక్ష పడినా అప్పీలు నడుస్తున్నదా అన్నవి వేర్వేరు సంగతులు.

స్టేషనులో రాసిన ప్రథమ సమాచార నివేదిక కూడా దాచిపెట్టే కాగితం కాదు. ఫిర్యాదికి దాని నకలు ఉచితంగా ఇవ్వాలి. దాన్ని 24 గంటలలో పోలీసు వెబ్‌సైటులో పెట్టాలని, మారుమూల ప్రాంతాలలో గడువు 72 గంటలకు మించరాదని యూత్ బార్ అసోసియేషన్ కేసులో 2016 సెప్టెంబరు 7న సుప్రీంకోర్టు ఆదేశించింది. లైంగిక నేరాలు, పిల్లలపై నేరాలు, ఉగ్రవాదం వంటివి దీనికి మినహాయింపు. చార్జిషీటు సంగతి వేరు. దాన్ని అందరికీ కనబడేలా వెబ్‌సైటులో పెట్టనక్కరలేదని 2023 జనవరి 20న అదే కోర్టు చెప్పింది. ముద్దాయికి మాత్రం ఆ కాగితాలు ఉచితంగా ఇచ్చి తీరాలి. ఫిర్యాదు ఇచ్చి కూర్చున్నవారు గుర్తుంచుకోవలసింది మరొకటి వుంది. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజులలో ఫిర్యాదికి తెలియజేయాలని కొత్త చట్టం 193వ సెక్షను చెబుతోంది. ఇది అడిగి తీసుకోవలసిన హక్కు.

తెరమీద కనబడిన సమాచారం మన ఎరుకకే పనికివస్తుంది. వుద్యోగానికి, పాస్‌పోర్టుకు, అప్పీలుకు కావలసింది కోర్టు ముద్ర వున్న ధ్రువీకృత నకలు. దానికి కేసు నంబరుతో కోర్టు నకళ్ల విభాగంలో దరఖాస్తు ఇవ్వాలి. తరువాత నోటీసు బోర్డు చూస్తుండాలి. అడిగిన స్టాంపులు గడువులో ఇవ్వకపోతే దరఖాస్తు మూలపడుతుంది. జైలుశిక్ష పడినవారికి తీర్పు నకలు ఉచితంగా వెంటనే ఇస్తారు. కేసుతో సంబంధం లేని మూడో మనిషి ఎందుకు కావాలో కారణం చూపాలి. అమెరికాలో కౌంటీ కోర్టు గుమాస్తా కార్యాలయానికి వెళ్లి చాలా కేసుల కాగితాలను ఎవరైనా చూడవచ్చునంటారు. మన దగ్గర అంత తేలిక కాదు. సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టినా పని జరగదు. కోర్టు నకళ్లు కోర్టు నిబంధనల ప్రకారమే తీసుకోవాలని గుజరాత్ హైకోర్టుకు సంబంధించిన కేసులో 2020 మార్చి 4న సుప్రీంకోర్టు తేల్చింది. కంప్యూటర్లు రాకముందు ముగిసిన కేసులు తెరమీద కనబడకపోవచ్చు. అటువంటివాటికి రికార్డు గదే గతి. కొంతకాలం తరువాత పాత కట్టలను నిబంధనల ప్రకారం తగలబెడతారు కూడా. కేసు గెలిచినవాడు ఆ నెలలోనే తీర్పు నకలు తీసుకుని పట్టాదారు పాసుపుస్తకంతో పాటు పెట్టెలో దాచుకోవటం మంచిది.

ఇదంతా చదువుకున్నవారికి తేలికే. సంతకం కూడా రాని సన్యాసమ్మకు ఎవరు చూసిపెడతారన్నది అసలు ప్రశ్న. గ్రామ సచివాలయంలో కంప్యూటరు వుంది, వుద్యోగి వున్నారు. ఈ పని తమ విధుల పట్టికలో లేదని ఎవరైనా అనవచ్చు. వాయిదా తేదీ చూసి చెప్పటానికి రెండు నిమిషాలు చాలు గనుక జిల్లా అధికారులు ఒక్క మాట చెబితే సరిపోతుంది. కోర్టులలో పెడుతున్న ఈ-సేవా కేంద్రాల సంగతి పల్లెలకు తెలిసేలా బస్టాండులో, సంతలో బోర్డులు పెట్టాలి. స్త్రీలు, షెడ్యూల్డు కులాలు, తెగలవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం ఇవ్వాలని 1987 నాటి చట్టంలో వుంది. అందుకు 15100 నంబరుకు ఫోను చేస్తే ఖర్చు వుండదు. పోలీసులు పట్టుకొచ్చే ప్రతి సమను మీదా సి.ఎన్.ఆర్. నంబరు పెద్ద అక్షరాలతో వేయాలని, వూరి పేరు, తండ్రి పేరు తెలుగులో కూడా రాయాలని జిల్లా న్యాయాధికారులను, పోలీసు అధికారులను కోరుతున్నాం. సమను అందుకున్నవారు కూడా వేలిముద్ర వేసే ముందు ఆ నంబరు ఎక్కడ వుందో చూపమని అడగాలి. లేకపోతే రాసివ్వమనాలి.