కడుపునకు కట్టు వేయించుకొన్న స్త్రీ భోజనవిధి



మన యిండ్లలో అందఱికంటె కడపట భుజించునది గృహిణి. అందఱికంటె త్వరగా భుజించి లేచునదియు గృహిణియే. పిల్లలకు కలిపి పెట్టుచు ఒక ముద్ద, పొయ్యిమీది పాలు పొంగునేమో యని లేచి వచ్చి మఱియొక ముద్ద, వాకిట నెవ్వరో పిలిచిరని మిగిలినదంతయు రెండు గ్రుక్కల మజ్జిగతో మ్రింగుట: పలువురి భోజనము ఇట్టిదే. ఆరోగ్యవంతురాలి కడుపు ఈ యపచారమును చాలకాలము సహించును. సహింపలేని కడుపు ఒకటి కలదు. స్థూలకాయమునకు చికిత్సగా గ్యాస్ట్రిక్ బ్యాండు, అనగా కడుపునకు కట్టు, వేయించుకొన్న స్త్రీకి త్వరితభోజనము దురభ్యాసము మాత్రమే కాదు, అపాయకరము కూడ. ఈ మాసము ఆమె భోజనవిధిని గూర్చి వ్రాయుచున్నాను. ఇది ఆమె యొక్కతె మాత్రమే చదువవలసినది కాదు. ఆమెకు వడ్డించు వారందఱును చదువవలసినది.

ముందుగా ఈ కట్టు ఎట్టిదో తెలిసికొందము. ఇది సిలికోనుతో చేసిన మెత్తని వలయము. అన్నవాహిక కడుపుతో కలియు చోటికి కొంచెము దిగువగా, కడుపు పైభాగమును చుట్టి దీనిని అమర్చుదురు. కట్టునకు పైన మిగులు భాగము మిక్కిలి చిన్నది. క్రింది కడుపంతయు యథాప్రకారముగానే యుండును. దేనిని కోసి తీసివేయరు. వలయము లోపలివైపున బుడగ వంటి తిత్తి యుండును. దానినుండి సన్నని గొట్టము వచ్చి, పొట్ట చర్మము క్రింద అమర్చిన చిన్న బిళ్ల వంటి ద్వారమును చేరును. వైద్యుడు ఆ ద్వారమున సూది గ్రుచ్చి లవణజలమును ఎక్కించినచో కట్టు బిగియును; తీసినచో వదులగును.

ఇట్లు సవరింపదగిన కట్టును అమెరికాలో లుబొమిర్ కుజ్మాక్ అను శస్త్రవైద్యుడు 1986లో వెలయించెను. 1993లో బెల్జియము దేశమున మితికు బెలచ్యూ అను వైద్యుడు పెద్ద కోత లేకుండ చిన్న రంధ్రములగుండ లాపరోస్కోపు సాయమున దీనిని అమర్చెను. 2001లో అమెరికా ప్రభుత్వము దీని వాడుకకు అనుమతి నిచ్చెను. ఆస్ట్రేలియాలో ఇది మిక్కిలి వ్యాప్తి చెందెను. నేడు కడుపులో అధికభాగమును కోసి తీసివేయు స్లీవు శస్త్రచికిత్సయే ఎక్కువగా జరుగుచున్నది. కట్టు వేయుట చాల తగ్గినది. వేసిన కట్లలో పెక్కింటిని తరువాత తీసివేయవలసియు వచ్చినది. అయినను లోపల కట్టుతోడనే జీవించుచున్న స్త్రీలు నేటికిని కలరు. పొరుగుదేశములనుండి పండుగకో పెండ్లికో పుట్టింటికి వచ్చు ఆడపడుచులలో అట్టివారు ఉండవచ్చును.

"కట్టు వేసిరి గదా, ఇక ఆమె ఎక్కువ తినజాలదు, ఆ పని కట్టే చూచుకొనును" అని లోకులు తలతురు. ఇది పొరపాటు. కట్టు తలుపు వంటిది కాదు, ఇఱుకైన సందు వంటిది. బాగుగ నమలిన చిన్న ముద్ద అన్నవాహికలోని కండరముల ఒత్తిడిచే కొంచెము కొంచెముగా ఆ సందును దాటును. ఇందుకు అరనిమిషము మొదలు ఒక నిమిషము వఱకు పట్టవచ్చును. ఒక్కొక్క ముద్ద దాటునపుడు అచ్చటి నరములు మెదడునకు తృప్తివార్తను పంపును. కావున కట్టు చేయు మేలు ఆకలిని అణచుటలో నున్నది గాని, ఆహారమును అడ్డగించుటలో లేదు. మొదటి ముద్ద దాటకముందే రెండవది, దానివెంట మూడవది మ్రింగినచో అవి కట్టునకు పైన నిలిచిపోవును. అంతట ఱొమ్ము ఎముక వెనుక నొప్పి, నోటినిండ జిగట లాలాజలము, పిమ్మట తిన్నది తిన్నట్లు పైకి వచ్చుట సంభవించును. ఇట్లు మాటిమాటికి జరిగినచో పైభాగము సాగిపోవును, కట్టు తన చోటినుండి జాఱును.

చరకుడు విమానస్థానము మొదటి యధ్యాయమున ఆహారవిధిని చెప్పుచు, మిక్కిలి త్వరగా తినరాదనియు, మిక్కిలి ఆలస్యముగాను తినరాదనియు, నవ్వుచు మాటలాడుచు తినక మనస్సు భోజనమందే నిలుపవలెననియు విధించెను. త్వరగా తిన్న యన్నము దారి తప్పుననియు, ఆలస్యముగా తినువాడు తృప్తి లేక ఎక్కువ తినుననియు కారణములు చెప్పెను. ఈ కట్టు ఆయన కలలోనైనను ఎఱుగనిది. అయినను ఆ రెండు కారణములును నేడు దీనికి సరిగా సరిపోవుచున్నవి.

ఆచరణలో విధి యిట్లుండవలెను. చిన్న పళ్లెము, చిన్న చెంచా తీసికొనవలెను. చిటికెనవ్రేలి గోరంత ముద్దను నోట నుంచుకొని, ఇరువది సార్లు నమలి, పిండివలె చేసి మ్రింగవలెను. మ్రింగిన పిమ్మట చెంచాను క్రింద నుంచి, ముద్ద లోపలికి దిగు వఱకు ఓపికపట్టవలెను. అరగిన్నె మొదలు ఒక గిన్నె వఱకు ఆహారమును ఇరువది నిమిషములలో భుజింపవచ్చును. అరగంట దాటినచో పళ్లెమున ఎంత మిగిలినను లేవవలెను. గంటల తరబడి కొఱుకుచు కూర్చుండుట కూడ కూడదు. ఇట్టి భోజనములు రోజునకు మూడు చాలును. ఆకలి తీరినదని తోచగానే ఆగవలెను. కడుపు నిండినదని తోచువఱకు తినుట ఆమెకు మితిమీఱుటయే.

నీటి విషయము వేఱుగ చెప్పవలెను. అన్నముతో పాటు నీరో చారో మజ్జిగో త్రాగుట మన అలవాటు. కట్టు గల స్త్రీ భోజనసమయమున త్రాగరాదు. భోజనానంతరము అరగంట గడచిన పిమ్మట త్రాగవలెను. ముద్ద యడ్డుపడినపుడు దానిని నెట్టుటకై నీరు త్రాగుట మఱియు కీడు, ఏలయన నీరును పైననే నిలుచును. నడుమ కాలములో గ్రుక్కెడు గ్రుక్కెడుగా రోజునకు లీటరున్నరకు తగ్గకుండ త్రాగుచుండవలెను. సోడా మొదలైన వాయువు నిండిన పానీయములు విడువదగినవి.

శస్త్రచికిత్స జరిగిన తొలిదినములలో ఆహారక్రమము మెట్లు మెట్లుగా సాగును. మొదటి రెండు వారములు వడగట్టిన ద్రవములే: పెసరకట్టు, పలుచని మజ్జిగ, పాలు. పిదప రెండు వారములు మెత్తగ మెదిపిన పప్పు, పెరుగు, జావ. అటుపిమ్మట మెత్తని ఇడ్లీ, ఉడికిన కూరలు, గ్రుడ్డు. ఐదాఱు వారములకు గాని సామాన్యాహారము పనికిరాదు. గడువులు వైద్యుని బట్టి కొంత మాఱును. ఆయన చెప్పినదే ప్రమాణము. లవణజలము క్రొత్తగ ఎక్కించిన ప్రతిసారియు ఒకటి రెండు దినములు మఱల ద్రవాహారమునకు రావలసి యుండును.

పళ్లెమున మొదట మాంసకృత్తులు గల పదార్థమును తినవలెను: పప్పు, పెరుగు, పన్నీరు, గ్రుడ్డు, తినువారికి చేప. సాధారణముగా రోజునకు 60 గ్రాముల మాంసకృత్తులు అవసరమని చెప్పుదురు. అన్నమును, చపాతీని చివర కొంచెముగా తినవలెను. మెత్తని అన్నము ముద్దకట్టి అడ్డుపడును. మునగకాడ పీచు, తోటకూర కాడలు, పచ్చికొబ్బరి, పనసతొన, కమలాఫలపు పొర, గట్టి మాంసము: వీనియందు జాగ్రత్త. ఇక పాయసము, ఐస్‌క్రీము, తీపి పానీయములు ఏ అడ్డును లేక జాఱిపోవును. ఘనాహారము కష్టముగ నున్నదని వీనినే ఆశ్రయించు స్త్రీ బరువు తగ్గదు, బలమును కోల్పోవును. విటమినుల మాత్రలను వైద్యుడు చెప్పినంత కాలము మానరాదు.

ఇప్పుడు అసలు మాట చెప్పుదును. ఈ నియమములన్నియు ఆ స్త్రీకి ముందే తెలిసియుండును. వానిని పాటించుటకు ఆమెకు వ్యవధి యుండదు. అడుగుటకు నోరు రాదు. నే నెఱిగిన యొక కుటుంబమున ఆడపడుచు మెల్బోర్నులో కాపురముండి, అచ్చటనే కట్టు వేయించుకొనెను. తమ్ముని పెండ్లికి వచ్చినపుడు సంగతిని ఎవ్వరికిని చెప్పలేదు. "తిండి తగ్గించుకొనలేక కడుపు కట్టించుకొన్నది" అందురని ఆమె భయము. పంక్తిలో మేనత్త బూరె వడ్డించెను, పెదతల్లి పులిహోర వడ్డించెను. "పుట్టింటి కూడు రుచించుట లేదా?" అని ఒకరు, "మా చేతి వంట వెగటయ్యెనా?" అని యొకరు. పంక్తి అంతయు లేచుచుండగా తా నొక్కతె కూర్చుండుటకు సిగ్గుపడి, ఆమె గబగబ తిని పెరటిలోనికి పోయి కక్కుకొనెడిది. ఐదు దినము లిట్లు గడచెను. ఆఱవ దినమున మంచినీరు కూడ దిగలేదు. ఆసుపత్రికి కొనిపోగా కట్టు జాఱినదని తేలినది. లవణజలమును తీసివేసి ప్రాణము నిలిపిరి. తరువాత కట్టునే తీసివేయవలసి వచ్చెను. ఆ పెద్దలలో ఏ యొక్కరికిని ఆమెపై ద్వేషము లేదు. వడ్డించిన ప్రతి గరిటెయు ప్రేమతో వడ్డించినదే.

కావున అత్తలకు, తల్లులకు, వదినలకు నా విన్నపము ఇది. మీ యింట నొక స్త్రీ "చాలును" అన్నచో అది మర్యాదకు చెప్పిన మాట యనుకొని మఱల వడ్డింపకుడు. ఆమెకు కొంచెమే వడ్డించి, కావలెనా యని అడుగుడు. పరబ్రహ్మస్వరూపమైన అన్నమును పాఱవేయరాదని మిగిలినదానిని ఆమెచేత తినిపింపకుడు. మిగులకుండ వడ్డించుటయే అన్నమునకు చేయు గౌరవము. పంక్తి లేచిన పిమ్మట ఆమె యింకను కూర్చున్నచో ప్రక్కన నొకరు ఊరక కూర్చుండుడు. ఆ అరగంట ఆమెను పిల్లలు గాని, పొయ్యి గాని, సెల్‌ఫోను గాని పిలువకుండ చూడుడు.

కట్టు గల సోదరికి కూడ ఒక మాట. దాచకుము. శస్త్రచికిత్స చేయించుకొనుట నేరము కాదు. కనీసము వడ్డించు వారిలో ఒకరికి చెప్పియుంచుము. ముద్ద యడ్డుపడినచో తినుట ఆపి, లేచి నిలిచి, అది దిగు వఱకు ఓర్చుకొనుము. ఆ దినమంతయు ద్రవములతోనే గడుపుము. రాత్రి పడుకొన్నపుడు దగ్గు వచ్చుచున్నను, పుల్లని నీరు గొంతులోనికి ఎగదన్నుచున్నను కట్టు బిగువు ఎక్కువైనదేమో, వైద్యునకు చూపించుము. మంచినీరు దిగకున్నను, తీవ్రమైన నొప్పి తగ్గకున్నను తెల్లవాఱు వఱకు ఆగక ఆసుపత్రికి పొమ్ము. పలుదినములు వాంతులగుచు కాళ్లు తిమ్మిరెక్కి నడక తడబడినచో, లేక చూపు రెండుగా తోచినచో, అది బి1 విటమిను కొఱత కావచ్చును. వెంటనే చికిత్స కావలెను. గర్భము ధరించినచో ఆ సంగతి వైద్యునకు తొలుతనే తెలుపుము. వేవిళ్ల వాంతులకు కట్టును వదులుచేయవలసి రావచ్చును.

కట్టును వేయువాడు వైద్యుడు. బిగువును సవరించువాడును వైద్యుడే. కాని ప్రతి పూట ఆమెకు కావలసిన అరగంటను ఈయగలిగినది ఇల్లు మాత్రమే. ఆ యరగంటకు ధర లేదు, చీటీ లేదు. వడ్డించు చేయి కొంచెము ఆగిన చాలును.