బండి పెట్టే చోటేదీ?

బస్సెక్కడానికి డబ్బులు అక్కర్లేదు సరే, బస్సు దాకా వెళ్లేదెలా? 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మనకు చార్జీ లేదు. ఉదయగిరి నుంచి ఆత్మకూరుకో, ఆత్మకూరు నుంచి నెల్లూరుకో చదువుకీ ఉద్యోగానికీ వెళ్లేవాళ్లకి అదెంత ఊరటో చెప్పక్కర్లేదు. కానీ బస్సు మన గుమ్మం ముందుకి రాదు కదా! పల్లె నుంచి, ఊరి చివర కొత్త ప్లాట్ల నుంచి కూతురు సైకిలు మీదో, తల్లి స్కూటీ మీదో బస్టాండుకి రావాలి. వచ్చాక ఆ బండి ఎక్కడ పెట్టాలి?

టీకొట్టు పక్కన పెడితే కొట్టాయన కసురుకుంటాడు. తెలిసినవాళ్ల ఇంటిముందు పెడితే రెండ్రోజులు మొహమాటం, మూడోరోజు సణుగుడు. ఏ మూలనో పెడితే సాయంత్రానికి టైర్లో గాలుండదు, ఒక్కోసారి సైకిలే ఉండదు. మగపిల్లాడి సైకిలు పోతే ఇంకోటి కొంటారు. ఆడపిల్లది పోతే "ఇక చదివింది చాల్లే" అంటారు. పోయేది సైకిలొక్కటే కాదమ్మా!

1990ల మొదట్లో మన జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం నడిచినప్పుడు, రాత్రిబడికి వెళ్లిన దూబగుంట ఆడవాళ్లు సారాకొట్టు మూయించారు. 1993 అక్టోబరులో రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. దాదాపు ఆ రోజుల్లోనే తమిళనాడులోని పుదుక్కోట్టైలో ఆడవాళ్లకి అక్షరాలతో పాటు సైకిలూ నేర్పారు. కూలికెళ్లేవాళ్లు, క్వారీల్లో రాళ్లు కొట్టేవాళ్లు, అంగన్‌వాడీ కార్యకర్తలు సైకిలెక్కారు. మన రాష్ట్రంలోనూ తర్వాత 'బడికొస్తా' పేరుతో ప్రభుత్వ బడుల్లో ఆడపిల్లలకు సైకిళ్లిచ్చారు. ఇవ్వడంతో పని అయిపోదు. నిలుపుకునే చోటూ కావాలి.

అదేమంత పెద్ద ఖర్చా? చక్రం దూర్చే ఇరుకు గాడుల స్టాండ్లు మాత్రం వద్దు. పక్క సైకిలు తగిలితే బరువంతా చక్రం మీద పడి రిమ్ము వంకరపోతుంది. గుమ్మంలా వంచి నేలలో పాతిన ఇనప పైపు చాలు. ఎత్తు 75 సెంటీమీటర్లు, పైపుకీ పైపుకీ మధ్య మీటరు ఎడం. అటొకటి, ఇటొకటి ఆనించి ఫ్రేమూ చక్రమూ కలిపి గొలుసు వేసుకోవచ్చు. ఆడపిల్లల సైకిలుకి పై కమ్మీ ఉండదు కనక పైపుకి మధ్యలో ఒక అడ్డకమ్మీ కావాలి. ఊళ్లో వెల్డింగు చేసే ఎవరైనా చేసిస్తారు. స్కూటీలకి సిమెంటు నేల వెయ్యాలి. మట్టిలో సైడ్‌స్టాండు దిగబడి బండి పడిపోతుంది. మన ఎండలకి పైన రేకులూ తప్పవు.

"చోటెక్కడుంది?" అంటారు. ఒక్క కారు నిలిపే చోట పది సైకిళ్లు పడతాయి మరి!

అన్నిటికన్నా ముఖ్యం, ఆ చోటు ఎక్కడన్నది. మరుగుదొడ్ల వెనక చీకటి మూల కాకుండా, గేటు దగ్గరే, నలుగురి కళ్లూ పడేచోట, రాత్రి లైటు వెలిగేచోట ఉండాలి. ఆఖరి బస్సు దిగిన పిల్ల తాళం తీసుకుంటూ భయంభయంగా వెనక్కి చూసుకోకూడదు. కాపలా పని డ్వాక్రా సంఘానికి అప్పగిస్తే ఇద్దరు ఆడవాళ్లకి ఉపాధి కూడా.

స్థానిక సంస్థల్లో సగం సీట్లు మనవే. మీ వార్డు మెంబరునీ, కౌన్సిలరునీ పోయి అడగండి. గ్రామసభలో లేచి నిలబడండి. సారాకొట్లు మూయించిన గడ్డ మీది వాళ్లం, సైకిలు స్టాండు కట్టించుకోలేమా?