అయిదో బ్రేకు

నల్లజర్లలో మా మావయ్య కారు షెడ్డులోంచి బయటికొచ్చిందంటే వీధిలో పిల్లలంతా దాని వెనకాలే. 1974 నాటి అంబాసిడర్, మార్క్-2. తెల్లగా, బొద్దుగా, పెళ్లింట్లో పెద్ద ముత్తయిదువలా ఉంటుంది. ముందు సీటు బల్లలా ఒకటే పొడుగు. గేరు స్టీరింగు పక్కన. అందులో ఒక్క బోల్టు మార్చాలన్నా మావయ్యకి మనసొప్పదు. 'అంతా ఒరిజినల్‌రా అబ్బాయ్' అంటాడు. ఎనభైల్లో తనే పెట్రోలింజను పీకించి డీజిలింజను వేయించిన సంగతి మాత్రం గుర్తు చేయకూడదు!

అలాంటి కారుని కిందటేడు శ్రావణమాసంలో మా అత్తయ్య బహిష్కరించింది.

ద్వారకా తిరుమల నుంచి వస్తున్నాం. సన్నగా తుంపర. కొండ దిగి హైవే ఎక్కాం. ప్రసాదం పొట్లాలు అత్తయ్య ఒళ్లో ఉన్నాయి. పక్క దారిలోంచి పామాయిల్ గెలల ట్రాక్టరొకటి తాపీగా రోడ్డు మీదికొచ్చింది. మావయ్య బ్రేకు తొక్కాడు. పెడల్ మెత్తగా కిందికి పోయింది. రెండోసారి తొక్కితే కాస్త పట్టింది. మూడోసారి తొక్కుతూ, గేరు దించుతూ, హ్యాండ్ బ్రేకు లాగితే ఆగింది. ట్రాక్టరు తొట్టికీ మా బంపరుకీ మధ్య జానెడు ఖాళీ ఉందేమో. ఇంటికొచ్చేదాకా ఎవరం మాట్లాడలేదు. గుమ్మంలో దిగుతూ అత్తయ్య ఒక్కటే మాటంది. 'దీనికి బ్రేకులొచ్చాక పిలవండి, అప్పుడెక్కుతాను'.

మావయ్యకి కోపమొచ్చింది. 'యాభై ఏళ్లుగా ఆగుతున్న కారు, ఇప్పుడే ఆగడం మానేసిందా?' అని ఆయన వాదన. వినడానికి న్యాయంగానే ఉంది. కానీ ఆ యాభై ఏళ్లలో కారు మారకపోయినా రోడ్డు మారిపోయింది కదా!

ఒకప్పుడు ఏలూరు దాటిన లారీలు తాడేపల్లిగూడెం, తణుకు, రావులపాలెం మీదుగా రాజమండ్రి వెళ్లేవి. నల్లజర్ల వైపు మెట్ట దారిలో ఎదురయ్యేవి పొగాకు బళ్లు, ఆర్టీసీ బస్సులు, గేదెలు. 2015లో గోదావరి మీద నాలుగో వంతెన తెరుచుకుంది. తర్వాత గుండుగొలను నుంచి దేవరపల్లి మీదుగా కొవ్వూరు దాకా రోడ్డు నాలుగు వరసలైంది. ఇప్పుడు విశాఖపట్నం, విజయవాడల మధ్య తిరిగే బళ్లు మా మావయ్య తోటల పక్కనుంచే దూసుకుపోతున్నాయి. ఒకప్పుడు నలభైలో నడిపిన మనిషి కూడా ఆ రోడ్డెక్కితే ఎనభై దాటకుండా ఉండలేడు. నెమ్మదిగా వెళ్తే వెనక లారీవాడు హారన్‌తో చెవులు తూట్లు పొడుస్తాడు.

ఇక్కడో చిన్న లెక్కుంది. వేగం రెండింతలైతే ఆగడానికి పట్టే దూరం రెండింతలు కాదు, నాలుగింతలవుతుంది. మంచి బ్రేకులున్న కారు పొడి రోడ్డు మీద గంటకి 40 కిలోమీటర్ల వేగంలో ఉంటే సుమారు 10 మీటర్లలో ఆగుతుంది. 80లో ఉంటే 40 మీటర్లు కావాలి. ప్రమాదాన్ని చూసి కాలు పెడల్ మీదికి వెళ్లేలోపు ఒక్క సెకను గడిచినా మరో 22 మీటర్లు దానికి అదనం. ఇదంతా కాగితం మీద వేసి చూపించాను. మావయ్య కళ్లజోడు తీసి తుడుచుకుని, 'సరే, ఏదో ఒకటి చేయిద్దాం' అన్నాడు.

ఏదో ఒకటి అంటే ఆయన దృష్టిలో బూస్టరు. ఎవరో చెప్పారట, అది పెడితే వేలితో నొక్కినా కారు ఆగిపోతుందని. వెతికి వెతికి పాతదొకటి కొనుక్కొచ్చేశాడు. తీసుకెళ్లి మేస్త్రి ముందు పెట్టాం. ఆయన మెకానిక్కే అయినా అంబాసిడర్ల దగ్గర వైద్యుడనే చెప్పాలి. బూస్టరుని అటూ ఇటూ తిప్పి చూసి పక్కన పెట్టేశాడు.

'ఇది పెట్రోలు బండికండి ఆయ్. పెట్రోలింజను గాలి పీల్చేటప్పుడు లోపల పుట్టే వాక్యూముతో ఇది పని చేస్తది. మీది డీజిలు కదండీ. దీనికి వాక్యూము పంపు విడిగా ఉండాలండి. అది లేకుండా ఇది బిగిస్తే ఇప్పుడున్నదానికంటే గట్టిగా తొక్కాలండి బాబుగారూ.'

మావయ్య మొహం చిన్నబోయింది. మేస్త్రి అదేం పట్టించుకోకుండా నాలుగు చక్రాలూ విప్పించాడు. అసలు కథ అక్కడ బయటపడింది.

ముందు ఎడమ చక్రంలో వీల్ సిలిండరు కారుతోంది. బ్రేకు షూల మీద లైనింగు నూనె పీల్చి నల్లబడింది. రబ్బరు గొట్టాలు పైకి బాగానే ఉన్నా లోపల ఉబ్బి దారి మూసుకుపోయాయి. బ్రేకు ఆయిలు కాఫీ డికాషన్ రంగులో ఉంది. 'ఎప్పుడు మార్చారండీ?' అని మేస్త్రి అడిగితే మావయ్య నా వైపు చూశాడు, నేనేదో మార్చినట్టు!

బ్రేకు ఆయిల్ని ఆయిలంటాం గానీ అది ఇంజనాయిలు లాంటిది కాదు. గాల్లో తేమని పీల్చుకుంటుంది. అందుకే రెండేళ్లకోసారైనా మార్చాలంటారు. మామూలుగా వాడే డాట్-3 రకం కొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీల దాకా మరగకుండా ఉండాలి. తేమ పట్టాక ఆ హద్దు 140 దాకా పడిపోవచ్చు. కొండ దిగేటప్పుడు అదే పనిగా బ్రేకు తొక్కితే ఆ వేడి పుట్టడం ఎంతసేపు? ఆయిలు మరిగితే ఆవిరి బుడగలొస్తాయి. బుడగ నలుగుతుంది, ఆయిలు నలగదు. కాబట్టి మన బలమంతా బుడగని నలపడానికే సరిపోతుంది. పెడల్ కిందికి పోతుంది, చక్రం మాత్రం తిరుగుతూనే ఉంటుంది. అటు కొల్లేరు, ఇటు గోదావరి ఉన్న మన వైపు గాల్లో తేమకేం కొదవ!

మేస్త్రి ముందు పాతవాటినే బాగుచేశాడు. సిలిండర్లకి కొత్త కిట్లు, కొత్త గొట్టాలు వేసి, షూలకి కొత్త లైనింగు కొట్టించి, డ్రమ్ములు లేత్ మీద సాపు చేయించాడు. షూల మీది దుమ్ముని గాలి పైపుతో ఊదబోయిన కుర్రాణ్ని కసిరి, తడిగుడ్డతో తుడిపించాడు. పాత లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండేది మరి, ఊపిరితిత్తులకి చేటు.

తెల్లారగట్ల ఊరి పాత రోడ్డు ఖాళీగా ఉంటే పరీక్షకి తీసుకెళ్లాం. యాభైలో వెళ్తూ తొక్కితే కారు నిలబడిపోయింది. మావయ్య మీసం దువ్వాడు. 'చూశావా? డిస్కులూ గిస్కులూ ఎందుకు?' అన్నాడు. మేస్త్రి, 'మళ్లీ కొట్టండి' అన్నాడు. రెండోసారీ, మూడోసారీ బాగానే ఆగింది. నాలుగోసారికి కాలిన వాసనొచ్చింది. అయిదోసారి పెడల్ సగం దాకా దిగిపోయింది. కారు ఆగింది గానీ మూడోసారి ఆగిన చోటు దాటి ఎంతో దూరం వెళ్లి ఆగింది.

ఈ అయిదో బ్రేకే అసలు సంగతి. డ్రమ్ము బ్రేకంటే డోలు లోపల కూర్చుని రెండు చేతులూ బయటికి చాపి దాన్ని ఆపడం లాంటిది. వేడెక్కిన డోలు వ్యాకోచించి చేతులకి దూరమవుతుంది. లైనింగు పట్టు కూడా తగ్గుతుంది. వాన నీళ్లు లోపలికి చేరితే త్వరగా ఆరవు. డిస్కు బ్రేకు అలా కాదు. సైకిలు రిమ్మును రెండు పక్కలా రబ్బరు ముక్కలు నొక్కిపట్టినట్టు తిరిగే పళ్లేన్ని రెండు వైపుల నుంచీ పట్టుకుంటుంది. పళ్లెం గాల్లోనే ఉంటుంది కాబట్టి తొందరగా చల్లారుతుంది, నీళ్లనీ విదిలించేస్తుంది. మొదటి బ్రేకుకి మంచి డ్రమ్ముకీ డిస్కుకీ పెద్ద తేడా ఉండదు, అక్కడ టైర్ల పట్టే ముఖ్యం. తేడా అంతా వరసగా తొక్కాల్సి వచ్చినప్పుడే.

ఇదేం కొత్త విద్య కాదు. ఇంగ్లండులో లాంచెస్టర్ అనే ఇంజనీరు 1902లోనే డిస్కు బ్రేకుకి పేటెంటు తీసుకున్నాడు. 1953లో ఫ్రాన్సులోని లె మాన్స్ ఇరవై నాలుగు గంటల పందెంలో డిస్కులున్న జాగ్వార్ గెలిచాక ప్రపంచం అటు తిరిగింది. మన అంబాసిడర్‌కి మూలమైన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ 1956 నాటిది, నాలుగు చక్రాలకీ డ్రమ్ములే. 1957లో మొదలైన అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. చివరి రోజుల మోడళ్లకి ముందు డిస్కులొచ్చాయి. మా మావయ్య కారుకి పనికొచ్చింది ఆ సామానే.

మేస్త్రి పాత డిస్కు మోడల్లోంచి ముందు భాగాలు సంపాదించి బిగించాడు. నాకు మాత్రం దానికంటే ముఖ్యమనిపించింది మాస్టర్ సిలిండరు. పాతదానికి గది ఒక్కటే. ఎక్కడో ఒక గొట్టం పగిలితే నాలుగు చక్రాలకీ బ్రేకు పోయినట్టే! కొత్తదానికి రెండు గదులు, ముందు చక్రాలకొకటి, వెనక వాటికొకటి. ఒకటి పోయినా రెండోది ఉంటుంది. పైగా డ్రమ్ముల కోసం చేసిన మాస్టర్ సిలిండరు లైన్లో కొంచెం ఒత్తిడి నిలిపి ఉంచుతుంది. దాన్నే డిస్కులకి వాడితే ప్యాడ్లు ఎప్పుడూ రాసుకుంటూ వేడెక్కుతాయి. డిస్కులకి కాలి బలం ఎక్కువ కావాలి కాబట్టి బూస్టరు కూడా తప్పలేదు. అయితే ఈసారి వాక్యూము పంపుతో సహా. మావయ్య కొన్న బూస్టరు షెడ్డులో అటక మీద ఉంది. ఖర్చా? పామాయిల్ కోత డబ్బులు ఒక విడత మాయమయ్యాయి.

పనికి ముందే ఒకటి చేశాం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, తయారీదారు చెప్పిన వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. అందుకని రవాణా శాఖ ఆఫీసులో ముందే అడిగి, బిల్లులన్నీ దాచిపెట్టాం. 'వింటేజీ నంబరు తీసుకుంటే?' అని మావయ్యకో ఆశ పుట్టింది. 2021 నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటి, అసలు రూపంలోనే ఉన్న బండికే అది వస్తుంది. వచ్చినా ప్రదర్శనలకీ ర్యాలీలకీ తప్ప రోజూ తిప్పడానికి వీల్లేదు. ఇంజను మాట నేనెత్తలేదు. ఆయనే దగ్గి ఊరుకున్నాడు.

మళ్లీ అదే పాత రోడ్డు మీద అయిదుసార్లు కొట్టాం. ఆరోసారి కూడా. పెడల్ ఎత్తు మారలేదు.

కార్తీకమాసంలో అత్తయ్య కారెక్కింది. వెనక కాదు, ముందు సీట్లో, మావయ్య పక్కనే. కొండ దిగేటప్పుడు మావయ్య రెండో గేరులో ఉంచి, బ్రేకుని తగుమాత్రం తాకుతూ దించాడు. హైవే మీద ముందు లారీ ఎర్రదీపం వెలిగింది. కారు మెత్తగా నెమ్మదించింది. వెనక సీట్లోంచి తొంగిచూస్తే, అత్తయ్య కుడికాలు కూడా నేలని గట్టిగా నొక్కిపట్టి ఉంది.