మిక్సీ నమిలిపెడితే బుజ్జిగాడు మింగుతాడు

పిల్లాడు నమలట్లేదని మిక్సీ పడుతున్నారా, మిక్సీ పడుతున్నారు కాబట్టి పిల్లాడు నమలట్లేదా? రాబిగ్ లో ఏ తెలుగువాళ్ళింటికి శుక్రవారం భోజనానికెళ్ళినా నాకొచ్చే అనుమానం ఇదే. రెండున్నరేళ్ళ వాడికి పప్పన్నం గుర్రుమని మిక్సీలో తిరుగుతుంది. ఎదురుగా ఫోనులో కార్టూను. వాడు నోరు తెరుస్తాడు, వాళ్ళమ్మ స్పూను పెడుతుంది, వాడు మింగుతాడు. "మావాడికి నమలడం రాదండీ, పలుకు తగిలితే డోకొస్తుంది" అంటారు. ఎలా వస్తుందండీ, నమిలే అవకాశమే ఇవ్వకపోతే?

పాలు చీకడం పుట్టుకతో వస్తుంది. నమలడం నేర్చుకోవాలి. ముద్దని నాలుకతో పక్కకి తోసి, నలిపి, మళ్ళీ మధ్యకి తెచ్చి మింగడం నెలల తరబడి సాధన చేస్తేగానీ రాదు. "పళ్ళు రానివ్వండి, అప్పుడు చూద్దాం" అనేది మనవాళ్ళ సమాధానం. దవడ పళ్ళు మొదలయ్యేదే ఏడాది దాటాక, చివరివి వచ్చేసరికి రెండున్నరేళ్ళు. అప్పటిదాకా ఆగక్కర్లేదు, మెత్తగా ఉడికిన ముక్కని పిల్లలు చిగుళ్ళతోనే నలిపేస్తారు. ఏడాది నిండేసరికి చాలామంది పిల్లలు ఇంటిల్లిపాదీ తినేదే తినగలరని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏనాటినుంచో చెబుతోంది. ఇంగ్లండులో బ్రిస్టల్ చుట్టుపక్కల 1991-92లో పుట్టిన పిల్లల్ని ఏళ్ళతరబడి గమనించారు. 2009లో అచ్చయిన ఆ లెక్కల ప్రకారం, తొమ్మిది నెలలు దాటాకే పలుకులున్న తిండి మొదలైన పిల్లలకి ఏడేళ్ళప్పుడు కూడా తిండి పేచీలు ఎక్కువ, కూరగాయలూ పళ్ళూ తక్కువ. ఒకదానివల్లే ఇంకొకటని తేల్చేసినట్టు కాదు గానీ, మన మిక్సీ వైపు అనుమానంగా చూడ్డానికి చాలు.

అమ్మమ్మల కాలమే గొప్పదని నేననను. కానీ చేత్తో మెదిపిన అన్నంలో ఏ ముద్దా ఇంకో ముద్దలా ఉండదు. ఒకదాంట్లో పప్పుబద్ద తగులుతుంది, ఒకదాంట్లో మెతుకు. పిల్ల పెరిగేకొద్దీ అమ్మమ్మ వేళ్ళు వాటంతటవే మెదపడం తగ్గిస్తాయి. మిక్సీకి ఆ తెలివేదీ? ఏడో నెలలోనూ అదే పేస్టు, మూడో ఏటా అదే పేస్టు. ఆ తర్వాత ఓ రోజు స్కూలు డబ్బాలో చపాతీ పెట్టి పంపిస్తాం. మా భాషలో టెస్టింగ్ లేకుండా గో-లైవ్ అంటారు దీన్ని :)

డోకు వేరు, గొంతుకడ్డం పడటం వేరు. చంటిపిల్లలకి డోకొచ్చే చోటు నాలుక మీద బాగా ముందుకి ఉండి, పెరిగేకొద్దీ వెనక్కి జరుగుతుంది. పెద్ద ముక్క లోపలికి పోకుండా కాపలా అది. చప్పుడు చేస్తుంది, కళ్ళలో నీళ్ళు తెప్పిస్తుంది, మనల్ని హడలగొడుతుంది, అంతే. నిజంగా పూర్తిగా అడ్డం పడితే దగ్గూ ఉండదు, ఏడుపూ ఉండదు. ఆ భయానికి మందు వేరుశెనగ గుళ్ళు, పాప్ కార్న్, పచ్చి కేరట్ లాంటివి నాలుగేళ్ళు దాటేదాకా దూరంగా పెట్టడం, ద్రాక్షపండు నిలువునా చీల్చి పెట్టడం, పరిగెత్తేవాణ్ణి కూర్చోబెట్టి తినిపించడం, అడ్డం పడితే ఏంచెయ్యాలో అమ్మా నాన్నా ఇద్దరూ నేర్చుకోవడం. ఇద్దరూ అన్నాను, గమనించగలరు. ఇండియానుంచి వీడియోలో "చిక్కిపోయాడేంటే?" అన్న ప్రశ్న ఆవిడకే పడుతుంది, అందుకే ఆవిడ గిన్నె ఖాళీ చెయ్యడమే లెక్కేసుకుంటుంది. ఇది చదివి తలూపుతున్న మగమహారాజులు మొన్న పిల్లాడికి ఎప్పుడు తినిపించారో చెప్తే విని సంతోషిస్తాను.

సాయంత్రం సముద్రపు ఒడ్డున తివాచీ పరుచుకున్న సౌదీ కుటుంబాల్ని చూడండి. ఏడాదిన్నర పిల్ల పెద్ద పళ్ళెం అంచున చేరి కబ్సా మెతుకులు తనే ఏరుకుంటుంది. సగం ఒంటికి, సగం నోటికి. ఎవరూ కంగారుపడరు.

నిజంగానే నమలలేని పిల్లలూ ఉంటారు. సెరిబ్రల్ పాల్సీ, డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్ళు, టాన్సిల్స్ బాగా పెరిగినవాళ్ళు, ఏ పేరూ పెట్టకుండానే ఇబ్బంది పడేవాళ్ళు. తిన్నప్పుడల్లా పొలమారడం, ముద్ద అలా బుగ్గనే ఉండిపోవడం, మాటిమాటికీ ఛాతీలో నెమ్ము, బరువు పెరగకపోవడం.. ఇవి కనిపిస్తే "వాళ్ళ నాన్నా అంతే, అదే వస్తుంది" అనే మాట నాకు మిక్సీ కంటే ఎక్కువ కోపం తెప్పిస్తుంది. వీళ్ళకి మిక్సీ ఆపమని నేను చెప్పట్లేదు. ఎంత మెత్తగా పెట్టాలో పిల్లని చూసినవాళ్ళే చెప్పాలి. ముందు పిల్లల డాక్టరు, ఆపైన స్పీచ్ థెరపిస్టు. స్పీచ్ అంటే మాటలకేగా అనుకుంటాం, నమలడం మింగడం కూడా వాళ్ళ పనే. బిర్యానీ కోసం 150 కిలోమీటర్లు జిద్దా దాకా పోతాం కదా, దీనికీ పోవచ్చు. ఊరెళ్ళినప్పుడైతే జిల్లా సత్వర చికిత్సా కేంద్రాలున్నాయి, సికింద్రాబాద్ మనోవికాస్ నగర్ లో జాతీయ సంస్థ ఉంది.

మిగతావాళ్ళు, ఫోను పక్కన పెట్టి, ఈ వారం నుంచే మిక్సీ తిప్పడం కాస్త తగ్గించండి. తర్వాత చేత్తో మెదపండి. ఆ తర్వాత వేలంత ఇడ్లీ ముక్క, బాగా ఉడికిన కేరట్, నోటి మధ్యలో కాకుండా పక్కన దవడ దగ్గర పెట్టండి. మొదట్లో చాలా భాగం నేలపాలవుతుంది. బకాలాలో ప్లాస్టిక్ సుఫ్రా చుట్ట దొరుకుతుంది, కింద పరిచి, తినడం అయ్యాక చుట్టి పారెయ్యండి.