బ్యాటరీ చచ్చేది ఎండాకాలంల, పేరు మాత్రం చలికి

పోస్టు కొంచెం పొడుగున్నది, ట్రాక్టర్ ఉన్నోళ్లు మాత్రం ఆఖరుదాక చదవండి.

డిసెంబర్, జనవరి వచ్చిందంటే మా రూముల్లో ఒకటే మాట. ఊర్ల పొద్దుగాల ట్రాక్టర్ సెల్ఫ్ తీసుకుంటలేదట, చలికి బ్యాటరీ పోయిందట, ఏడు వేలు పంపాల్నట. దాదాపు ముప్పై దినార్లు అయితది. వంద దినార్ల జీతపోనికి అది పది రోజుల కష్టం. పైసలు పోయినందుకు కాదు మా బాధ. కొత్త బ్యాటరీ వేసినంక నెలకే మళ్లా అదే కథ అయితది చూడు, అందుకు.

మేం చెప్పేది ఒక్కటే. మన ఊర్ల చలికి మంచి బ్యాటరీ చావదు. సున్న డిగ్రీల దగ్గర బ్యాటరీ బలం సుమారు మూడో వంతు తగ్గుతది, నిజమే. కానీ మన దిక్కు పొద్దుగాల 10, 12 డిగ్రీలుంటది. ఆదిలాబాద్ దిక్కయితే ఇంకొంచెం తక్కువ. దానికి తగ్గేది కొంచెమే. కెనడాల మైనస్ 20లో కూడా ఇంజన్‌కు హీటర్ పెట్టుకొని బండ్లు నడుపుతరు. మరి మన బ్యాటరీని చంపేది ఎవరు? ఎండ. 25 డిగ్రీల మీద ప్రతి 10 డిగ్రీలకు బ్యాటరీ ఆయుష్షు సుమారు సగం పడిపోతదని మెకానిక్‌ల లెక్క. వేడికి నీళ్లు ఆవిరైతయి, లోపలి ప్లేట్లు తింటయి. ఎండాకాలంల ఇంజన్ వేడి మీద తిరగవట్టి మనకు తెల్వదు. చలికాలంల ఇంజన్ ఆయిల్ చిక్కబడి సెల్ఫ్‌కు ఎక్కువ బలం కావాల్సొచ్చినప్పుడు లోపం బయటపడుతది. నేరం చేసింది మే నెల, దొరికింది జనవరి.

మేమిది పుస్తకాల చదివి చెప్తలేం. ఇక్కడ హిద్‌ల సైటు మీద జేసీబీలు, డంపర్లు, జనరేటర్లు చూస్తనే ఉన్నం. జనవరిల ఇక్కడ రాత్రి 14, 15 డిగ్రీలే, దాన్ని చలి అంటే మన లంబసింగోళ్లు నవ్వుతరు. అయినా పొద్దున షిఫ్టుకు బండ్లు మొండికేస్తయి. దానికితోడు సముద్రపు గాలి. నెల పట్టించుకోకుంటే టెర్మినల్ మీద తెల్లగ, పచ్చగ బూజులెక్క పడుతది. సగం బండ్లకు రోగం అదే. వేడినీళ్లల తినేసోడా కలిపి కడిగి, ఆరినంక బిగించి, కొంచెం గ్రీజు రాస్తే లేచి కూసుంటయి. ఖర్చు పది రూపాయలు కాదు. సోడా నీళ్లు మాత్రం మూతల లోపలికి పోవద్దు.

కొత్తది కొనే ముందు మూడు నాలుగు వందలు పెట్టి ఒక మల్టీమీటర్ కొనండి. రాత్రంతా ఆగిన బండి మీద పొద్దున చూస్తే 12.6 వోల్టులు ఉండాలె. 12.2 అంటే సగమే ఉన్నట్టు, 12 అంటే దాదాపు ఖాళీ. ఖాళీ అంటే చచ్చినట్టు కాదు, ముందు ఫుల్ చార్జింగ్ పెట్టి మళ్లా చూడాలె. తర్వాత సెల్ఫ్ కొడుతుంటే ఇంకొకలు మీటర్ చూడాలె. నిండుగ ఉన్న బ్యాటరీ గూడ 9.6 కిందికి పడిపోతే అప్పుడు దాన్ని అనుమానించండి. పడకుండనే సెల్ఫ్ టక్ టక్ అంటే తప్పు వైర్లదో, సెల్ఫ్ మోటర్‌దో. అందుల ఎర్త్ వైరును ఎవ్వరూ చూడరు. చాసిస్‌కు బిగించిన కాడ పెయింటు, తుప్పు ఉంటే కరెంటు ఎట్ల పోతది?

ఇగ అసలు సంగతి చార్జింగ్. బండి స్టార్టయినంక కొంచెం రేస్ ఇచ్చి చూస్తే 13.8 నుంచి 14.4 దాక రావాలె. 12.5 కాడనే ఆగిందంటే డైనమో చార్జింగ్ చేస్తలేదు. అప్పుడు మీరు బంగారు బ్యాటరీ వేసినా వారంల ఖాళీ. ముందు బెల్టు వదులైందేమో చూడండి, బొటనవేలుతో నొక్కితే అర అంగుళం కంటే ఎక్కువ దిగొద్దు. తర్వాత వైర్లు, రెగ్యులేటర్, ఆఖరుకు డైనమో. 15 దాటితే అదీ రోగమే, నీళ్లు తొందరగ ఎండుతయి. నీళ్లు పోస్తే డిస్టిల్డ్ వాటరే పోయండి, బోరు నీళ్లు వద్దు, యాసిడ్ అస్సలే వద్దు.

అన్నీ బాగున్నా రాత్రి తెల్లారేసరికి దిగిపోతుందంటే బండిల ఏదో తాగుతున్నట్టు. మన పిలగాండ్లు ట్రాక్టర్‌కు పెట్టే సౌండ్ బాక్సులు, రంగు లైట్లు ఒకసారి విప్పి చూడండి. కోపం రావద్దు తమ్ముడు, నాలుగు బాక్సులు పెట్టి బ్యాటరీని తిట్టుడు న్యాయం కాదు.

రెండు పనులు మాత్రం చేయకండి. బండి నడుస్తుంటే చార్జింగ్ చూద్దామని బ్యాటరీ వైరు పీకుడు ఒకటి, ఇది ఇక్కడ గూడ మన మెకానిక్‌లే చేస్తరు. ఆల్టర్నేటర్ ఉన్న బండికి డయోడ్లు ఎగిరిపోతయి. రెండోది, బీడీ తాగుకుంట మూతలు విప్పుడు. చార్జింగ్‌ల హైడ్రోజన్ గ్యాస్ వస్తది, ఒక్క నిప్పురవ్వ చాలు, యాసిడ్ మొకం మీద పడుతది. పక్క బండి నుంచి కరెంటు తీసుకుంటే నలుపు వైరు ఆఖరుకు, బ్యాటరీకి దూరంగ ఇంజన్ ఇనుముకు తగిలించాలె అన్నది అందుకే.

ఇదంత రాయడానికి ఇంకో కారణం ఉంది. కొన్ని సైట్లల్ల బ్యాటరీ పోతే డ్రైవర్ జీతంల కోత వేస్తరు. లైటు మరిచిపోయినవ్, నీదే తప్పు అంటరు. నిజంగ మరిచిపోతే అడగండి, కాదనం. ఆగస్టు ఎండల వేగి చచ్చిన బ్యాటరీకి జనవరిల డ్రైవర్ ఎందుకు కట్టాలె? మా సైటుల ఇప్పుడు బండికో నోటు పుస్తకం పెట్టినం. నెలకోసారి పొద్దున వోల్టు, చార్జింగ్ వోల్టు, నీళ్లు పోసిన తారీఖు డ్రైవరే రాసుకుంటడు, పక్కన ఫోర్‌మన్ సంతకం. మొన్న ఒక డంపర్ ఆగిపోతే స్టోరు వాళ్లు డ్రైవర్ పేరు రాయబోయిన్రు. పుస్తకం తీసి చూపిస్తే జూన్‌ల 12.6, సెప్టెంబర్‌ల 12.3 అని ఉంది. కోత వెయ్యలేదు, కొత్త బ్యాటరీ వచ్చింది.